ఉప్పునీళ్ల బిందె, మంచినీళ్ల బిందె

మా ఇంట్లో రెండు బిందెలుండేవి. ఇత్తడిది మంచినీళ్లకి, సత్తుది ఉప్పునీళ్లకి. ఇత్తడి బిందె వంటింట్లో పొయ్యికి కుడిపక్క పీట మీద ఉండేది, దాని మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. సత్తు బిందె పెరటి తలుపు దగ్గర నేల మీద. ఏ చెంబు ఏ బిందెలో ముంచాలో మాకు అక్షరాల కంటే ముందే నేర్పించారు. మా అన్నకి ఏడెనిమిదేళ్లు ఉన్నప్పుడు అనుకుంటా, అమ్మకి సాయం చేద్దామని వీధి బోరింగు నుంచి బకెట్టు ఉప్పునీళ్లు మోసుకొచ్చి, అడుగంటిన ఇత్తడి బిందెలో పోసేశాడు. అమ్మ వాణ్ణి ఒక్కమాట అనలేదు. ఆ బిందె పక్కనే కూలబడి చాలాసేపు దాంట్లోకి చూస్తూ ఉండిపోయింది. మళ్లీ మంచినీళ్లు రావాలంటే ఎల్లుండి దాకా ఆగాలి, ఆ రోజు రాత్రికి మామయ్యావాళ్లు భోజనానికి వస్తున్నారు, పప్పుకి నానబెట్టి ఉంది.

తిరుపతి అంటే బయటివాళ్లకి కొండ, దర్శనం, లడ్డు. కొండ కింద కాపురం చేసినవాళ్లని అడిగితే నీళ్ల సంగతి ముందు చెబుతారు. 1979 నుంచి మేము బైరాగిపట్టెడలో బాడుగకుండేవాళ్లం. కొళాయిలో వచ్చేవి కల్యాణి డ్యాం నీళ్లు. చంద్రగిరి అవతల రంగంపేట దగ్గర కొండల మధ్య 1977లో కట్టిన డ్యాం అది, అందులో వాన బాగా పడిన సంవత్సరం ఊరంతా నవ్వుతూ ఉండేది, పడని సంవత్సరం కొళాయి దగ్గర మాట మాటా పెరిగేది. రోజు మార్చి రోజు వచ్చేవి, అదీ ఒక గంట. ఏ వేళకి వస్తాయో కచ్చితంగా తెలియదు. "మంచినీళ్లొచ్చినాయ్ మే, బిరిన రాండి" అని ఎవరో ఒకరు కేక వేస్తే వీధి వీధంతా బిందెలతో పరుగు. మిగతా అన్నిటికీ వీధి చివరి చేతిపంపు, అదే మేం బోరింగు అనేది. దాని నీళ్లు చూడటానికి అద్దంలా తేటగా ఉండేవి. నోట్లో పోసుకుంటే మాత్రం నాలుక మీద ఏదో పిండి రాసినట్టుండేది. వాటినే ఉప్పునీళ్లు అనేవాళ్లం. నిజానికి సముద్రపు ఉప్పు కాదు అది, కాల్షియం, మెగ్నీషియం లవణాలు, పుస్తకాల్లో కఠిన జలం అని రాస్తారు. ఆ మాట నేను హైస్కూల్లో చదివినప్పుడు అది మా బోరింగు గురించే అని నాకు తట్టలేదు.

పప్పు సంగతి చెప్పాలి. రోజూ మా ఇంట్లో నీళ్లు ఎట్లాంటివో చెప్పేది పప్పే.

కందిపప్పు బోరింగు నీళ్లల్లో వేసి పొయ్యి మీద పెడితే గంట గడిచినా గింజ గింజగానే ఉంటుంది. పైన నురగ తేలుతుంది, నీళ్లు పచ్చబడతాయి, గింజ ఉబ్బుతుంది కూడా, ఉడికిందనే అనుకుంటాం. గరిటెతో రెండు గింజలు తీసి వేళ్ల మధ్య నొక్కితే చుట్టూ మెత్తగా, లోపల తెల్లటి పలుకు. పప్పుగుత్తితో ఎంత ఎనిపినా కలవదు, నీళ్లు వేరు, పప్పు వేరు. మా నాయన కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే మొహం చూసి అమ్మ కనిపెట్టేసేది. ఆయన ఏమీ అనేవాడు కాదు, అనకపోవడమే అమ్మకి ఇంకా కష్టంగా ఉండేది. గింజలో కణాల్ని అంటిపెట్టుకుని ఉండే పెక్టిన్ అనే పదార్థం ఉడికేటప్పుడు కరిగితేనే పప్పు మెత్తబడుతుందట, నీళ్లల్లో కాల్షియం ఎక్కువగా ఉంటే అది పెక్టిన్‌ని పట్టుకుని కరగనివ్వదట. అమ్మకి ఇవేవీ తెలియవు. తెలిసిందల్లా, వంటసోడా చిటికెడు వేస్తే మెత్తబడుతుంది కానీ రుచి పోయి సబ్బు వాసన వస్తుందని, పప్పుకి మాత్రం ఏమైనా సరే ఇత్తడి బిందె నీళ్లే వాడాలని. అందుకని ఇత్తడి బిందె ఎప్పుడూ రెండు చెంబుల దగ్గర ఆగిపోయేది. మాకు దాహమేసి గ్లాసు ముంచబోతే "అవి పప్పుకి నాయనా, ఉండు, పక్కింట్లో అడిగొస్తా" అనేది. మేము తాగే నీళ్లకీ పప్పుకీ మధ్య అమ్మ రోజూ లెక్కలు వేస్తూ ఉండేది. అది లెక్క అని మాకు అప్పట్లో తెలియలేదు.

ఇక సబ్బు. బోరింగు నీళ్లతో ఒళ్లు రుద్దుకుంటే నురగ రాదు, పాలు విరిగినట్టు సబ్బు తెల్లగా విరిగిపోయి చర్మానికి అంటుకుంటుంది. స్నానం చేసి తుడుచుకున్నాక మోచేతి మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడేది, మేమూ పక్కింటి పిల్లలూ ఆ గీతలతో ఒకరి చేతి మీద ఒకరం పేర్లు రాసుకునేవాళ్లం. బకెట్టు అంచున ఎప్పుడూ ఒక బూడిదరంగు జిడ్డు వలయం. బట్టలు ఇంకా ఘోరం. స్కూలు యూనిఫారం తెల్లచొక్కా కొన్న రెండు నెలలకే పాతగుడ్డ రంగుకి వచ్చేది. ఎండలో ఆరేస్తే అప్పడంలా బిగుసుకుపోయేది, మెడ దగ్గర గీసుకుని ఎర్రటి చార పడేది. అమ్మ తెల్లచొక్కాలకి మాత్రం ఆఖరున ఒక చెంబు మంచినీళ్లు పోసి జాడించేది. అది గొప్ప ఖర్చు మా ఇంట్లో. తర్వాత బట్టల పొడులు వచ్చాయి, నిర్మా వచ్చింది, అప్పుడు అమ్మ భుజాలకి కొంచెం ఊరట దొరికింది. మామూలు సబ్బు కాల్షియంతో కలిసి కరగని ముద్ద అవుతుంది, ఈ పొడులు అంతగా అవ్వవు.

మా అవ్వ మాత్రం సబ్బు ముట్టేది కాదు. ఆమెది చంద్రగిరి దగ్గర పల్లె, అక్కడ దిగుడుబావి నీళ్లు చక్కగా తియ్యగా ఉంటాయని తెగ చెప్పుకునేది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా తలంటుకి కుంకుడుకాయలు తెచ్చేది, రాత్రే కొట్టి నానబెట్టి పొద్దున్నే పిసికేది. మా బోరింగు నీళ్లల్లోనే, ఏ తేడా లేకుండా, చేతి నిండా నురగ! "ఈ నీళ్లకి సబ్బు పలకదు మే, కుంకుడు పలుకుద్ది" అనేది. ఆమె మాట అక్షరాలా నిజమని నాకు డిగ్రీలో తెలిసింది. కుంకుడులో, సీకాయలో నురగ ఇచ్చేవి సపోనిన్లు, అవి కాల్షియంతో కలిసి ముద్ద కట్టవు. మా చాకలాయన కూడా ఉడకబెట్టే బట్టల్లో చవుడు మట్టి వేసేవాడు, అందులోని సోడా నీళ్లల్లోని సున్నాన్ని కిందికి దించేస్తుంది. చదువుకోనివాళ్లు అనుకునేవాళ్లమే, వాళ్లందరికీ ఈ నీళ్ల గుణం మాకంటే బాగా తెలుసు.

ఏడాదికి రెండుమూడు సార్లు కొండకి పోయేవాళ్లం. మొక్కు ఉన్నా లేకపోయినా నాకు కొండ మీద ఇష్టమైనది స్నానం, ఇప్పుడు చెప్పినా నమ్మరు. సత్రంలో కొళాయి కింద కూర్చుని సబ్బు రెండుసార్లు తిప్పితే చాలు, ఒళ్లంతా నురగ, కళ్లల్లోకి కూడా. గుండు కొట్టించుకున్న పిల్లలు తల మీద నురగ టోపీ పెట్టుకుని కేరింతలు కొట్టేవాళ్లు. అమ్మ మాత్రం ఆ నీళ్లతో మా బట్టలన్నీ, వేసుకోనివి కూడా, సంచీలో మోసుకొచ్చి మరీ ఉతికేది. దర్శనం లైన్లోకి పోవాల్సిన టైములో అమ్మ ఇంకా బండ మీద బట్టలు పిండుతూ ఉంటే నాయన వాచీ చూసుకుంటూ నిలబడేవాడు. కొండ మీద నీళ్లు గోగర్భం, పాపవినాశనం డ్యాముల్లో నిలిచిన వాననీళ్లు. అక్కడి రాయి ఎక్కువగా క్వార్ట్జైట్, అంటే ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయైంది, దాని మీద పారిన నీళ్లల్లో సున్నం కలవదు. కింద మైదానంలో గ్రానైట్ జాతి రాళ్లు. వాటి పగుళ్లల్లో, మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉన్న నీళ్లు సున్నాన్నీ మెగ్నీషియాన్నీ కరిగించుకుంటాయి. ఘాట్ రోడ్డులో ఈ రెండు రాళ్లూ ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోటు రోడ్డు పక్కనే కనబడుతుంది, భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు ఎక్కడెక్కడినుంచో వచ్చి చూసి పోతారు. నాకైతే అమ్మ బట్టల మూట మోసుకుంటూ ఎందుకు కొండెక్కేదో ఆ రాళ్లు చూసినప్పుడే తెలిసింది.

1988లో ఎమ్మార్‌పల్లెలో సొంత ఇల్లు కట్టుకున్నాం. పునాది కంటే ముందు బోరు. నీళ్లు చూసే ఆయన వచ్చి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా తిరిగాడు, ఒక మూల అది లేచి నిలబడింది, అక్కడ సున్నంతో గుర్తు పెట్టారు. బోరు లారీ రాత్రి పదకొండుకి వచ్చింది. తెల్లారేదాకా వీధిలో ఎవరికీ నిద్ర లేదు, తెల్లటి రాతిపొడి ఎగిరి చెట్ల మీద, మా తలల మీద పడింది. 180 అడుగుల దగ్గర నీళ్లు చిమ్మాయి. నాయన కళ్లల్లో నీళ్లు. ఇకమీదట మా ఆడవాళ్లు వీధి చివరికి పోయి నిలబడక్కర్లేదు అని ఆయన పక్కవాళ్లతో అంటుంటే విన్నాను. నీళ్లు కాస్త తేటబడ్డాక అవ్వ దోసిట్లో పట్టుకుని నోట్లో పోసుకుంది. పుక్కిలించింది. ఉమ్మేసింది. అందరూ ఆమె మొహమే చూస్తున్నారు.

"ఉప్పే" అంది.

అమ్మ ఏమీ అనలేదు. పోయి కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టింది. ఎట్లాంటివైనా ఇంటి గడపలోకి వచ్చిన నీళ్లు కదా.

ఆ ఇంట్లో కొళాయి తిప్పితే నీళ్లు, అదొక వైభవం. కానీ వీధి చివర ఉన్నంతకాలం బకెట్టులో, బిందెలో ఉన్న సున్నం ఇప్పుడు ఇంటి గోడల్లోకి ఎక్కింది. ఓవర్‌హెడ్ ట్యాంకులోంచి ఇనప పైపుల్లోకి, పైపుల్లోంచి కొళాయిల్లోకి, షవర్లోకి. బాత్రూం షవర్ కంతలు ఒక్కొక్కటే మూసుకుపోయి, ఆఖరికి మూడు ధారలు మూడు వైపులకి పడేవి, ఆదివారం పూట పిన్నీసు పెట్టి పొడవడం నా పని. స్టీలు గ్లాసులు కడిగి బోర్లిస్తే ఆరిన చోట చుక్కలు చుక్కలుగా తెల్ల మచ్చలు. ఎవరైనా వస్తున్నారంటే అమ్మ గ్లాసులన్నీ నిమ్మతొక్కతో తోమి పొడిగుడ్డతో తుడిచి పెట్టేది, కడగలేదు అనుకుంటారేమో అని.

బాయిలర్ గురించి చెప్పకుండా ఉండలేను. రాగి బాయిలర్ మాది, మధ్యలో గొట్టం, అందులో బొగ్గులు, కట్టెపేళ్లు. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకుంది. కొన్నాళ్లకి అది వేడెక్కడానికి మొదట పట్టే టైముకి రెట్టింపు పట్టడం మొదలైంది. మూత తీసి లోపల చెయ్యి పెడితే రాగి తగల్లేదు, గరుకుగా రాయి తగిలింది. నీళ్లు కాగినప్పుడు కరిగి ఉన్న బైకార్బనేట్లు విరిగి సున్నపురాయి లాగా గోడలకి కట్టుకుంటాయి, వేడి దాన్ని దాటుకుని నీళ్లకి చేరాలి, కట్టెలు రెట్టింపు అయ్యేది అందుకే. అమ్మ సంవత్సరానికి రెండుసార్లు, ఉగాదికి ముందూ దసరాకి ముందూ, పాత చింతపండు గుప్పెడు గుప్పెడు పిసికి ఆ నీళ్లు బాయిలర్ నిండా పోసి సన్నటి మంట పెట్టేది. మూత తీసి చెవి పెడితే లోపల చిన్నగా సుయ్యిమని చప్పుడు, చింతపండు పులుపుకి సున్నం పొంగి బుడగలు బుడగలుగా లేచేది. చల్లారాక పారబోస్తే నీళ్లతోపాటు పెచ్చులు పెచ్చులుగా పడేది. కోడిగుడ్డు పెంకంత మందాన, ఒకవైపు తెల్లగా, రాగికి అంటుకున్న వైపు పచ్చగా. ఆ పెచ్చుల్ని మేం ఏరుకుని పలకల మీద రాసేవాళ్లం, బలపం లాగా రాసేవి. తర్వాత అమ్మ కొబ్బరిపీచు తీసుకుని సగం ఒళ్లు బాయిలర్లోకి దూర్చి తోమేది. బయటికి వచ్చేసరికి జుట్టు నిండా సున్నం.

తర్వాత కరెంటు కడ్డీ వచ్చింది, బకెట్టులో వేలాడదీసేది. మూడు నెలలకే దాని చుట్టల మీద తెల్లటి తొడుగు ఎక్కేది. దాని తర్వాత గీజరు. గీజరు లోపల ఏమవుతుందో కనబడదు, ఒకరోజు కాయిల్ కాలిపోతుంది, మెకానిక్ వచ్చి విప్పి చూపిస్తాడు, రాయి. కాయిల్ మార్చిన లెక్కలు నాయన ఒక డైరీ వెనకపేజీల్లో రాసేవాడు, ఆ పేజీలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి.

ఇంకోటి, యాసిడ్. సైకిలు మీద ఫినాయిలు, యాసిడ్ సీసాలు పెట్టుకుని ఒకాయన వచ్చేవాడు. బాత్రూం నేల మీద, లెట్రిన్ బేసిన్లో పేరుకున్న తెలుపూ పసుపూ కలిసిన గార ఇంక దేనికీ పోదు. అమ్మ ముక్కుకి కొంగు చుట్టుకుని యాసిడ్ పోసేది, బుస్సుమని పొగ, కళ్లు మండి అందరం మిద్దె మీదికి పరిగెత్తేవాళ్లం. అమ్మ ఒక్కతే లోపల. గార పోయేది, దాంతో పాటు మొజాయిక్ నునుపూ పోయేది, నునుపు పోయిన చోట సున్నం ఇంకా గట్టిగా పట్టేది. అమ్మ వేళ్ల చివర్లు ఎప్పుడూ పగిలి ఉండేవి. పండగలకి గోరింటాకు పెట్టుకుంటే ఆ పగుళ్లల్లో నల్లగా దిగేది, మిగతా చెయ్యి ఎర్రగా, పగుళ్లు నల్లగా. ఆ చేతులు ఇప్పటికీ నా కళ్ల ముందు అట్లాగే ఉన్నాయి.

డిగ్రీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి నీటి కాఠిన్యం కొలవడం వచ్చింది. మేడం ఇచ్చిన నీళ్లు కాకుండా నేను మా బోరు నీళ్లు సీసాలో పట్టుకుపోయాను. కోనికల్ ఫ్లాస్కులో నీళ్లు, బఫర్, ఎరియోక్రోమ్ బ్లాక్ టి ఇండికేటర్, ద్రాక్షరసం లాంటి ఎరుపు. పైన బ్యూరెట్లోంచి, కాల్షియం మెగ్నీషియంలని పట్టుకునే ఈడీటీఏ ద్రావణం చుక్క చుక్కగా వదలాలి, ఎరుపు నీలం అయినప్పుడు ఆపాలి, నీళ్లు ఎంత కఠినమైతే అన్ని ఎక్కువ చుక్కలు. పక్కనున్న అమ్మాయికి కాలేజీ కొళాయి నీళ్లు కొద్దిసేపట్లోనే నీలం తిరిగాయి. నాది తిరగదు. సగం బ్యూరెట్ అయిపోయింది, ఇంకా ఎరుపే. తప్పు చేశానేమో అని టెన్షన్. మేడం వచ్చి చూసి, ఎక్కడి నీళ్లమ్మా ఇవి అని అడిగారు. మా ఇంటివండీ అన్నాను. ఇంకొంచెం వదలమన్నారు. ఎప్పటికో ఒక్క చుక్కకి మొత్తం ఫ్లాస్కు నీలం అయిపోయింది, నాకు ఆ రంగు చూసి ఏడుపొచ్చింది. తాగే నీళ్లల్లో కాఠిన్యం, కాల్షియం కార్బొనేట్ లెక్కన, లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు అని ఇప్పటి భారత ప్రమాణాల్లో ఉంది. ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. "అంకెలెందుకు, పప్పు చూస్తే తెలీదా" అంది. నేను మాత్రం ఆ రోజు నుంచి ఆ చేతులు చూడటం మొదలుపెట్టాను.

పెళ్లయ్యి రాజమండ్రి వెళ్లాను. మొదటిరోజు స్నానానికి కూర్చుని సబ్బు రాసుకున్నాక ఎన్ని చెంబులు పోసుకున్నా జారుడు పోవడం లేదు, సబ్బు ఇంకా ఒంటి మీదే ఉందనుకుని పోసుకుంటూనే ఉన్నాను, బయట అత్తగారు తలుపు కొట్టి ఏమ్మా బానే ఉన్నావా అని అడిగారు. గోదావరి నీళ్లు. చర్మం అసలు నునుపు అది, పైన పేరుకునే సున్నపు సబ్బు లేకపోతే అట్లాగే ఉంటుంది. ఇరవైరెండేళ్లు నా ఒంటి చర్మం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆరునెలల తర్వాత అమ్మ వచ్చింది. గిన్నెలు తోముతానని కూర్చుని, కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతోంది. "జిడ్డు పోలేదు మే ఇంకా" అంటుంది. పోయిందమ్మా అంటే నమ్మదు. రాత్రి నేను పప్పు పెట్టాను, మూడు విజిళ్లకి వెన్నలా అయిపోయింది, గుత్తి కూడా అక్కర్లేదు. అమ్మ కంచంలో వేసుకుని వేలితో తీసి చూసింది. ఏమీ అనలేదు. పోయేటప్పుడు బస్సు ఎక్కాక కిటికీలోంచి, "నీళ్లు బాగుండాయి మే, నాకదే చాలు" అంది. నేను బాగున్నానా అని అడగకుండానే నా కాపురం గురించి ఆమె తెలుసుకున్నది అంతే.

తిరుపతికి తర్వాత తెలుగుగంగ నీళ్లు కూడా వచ్చాయి. శ్రీశైలం నుంచి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటుకుని కృష్ణా నీళ్లు అంత దూరం నడిచొచ్చాయి. క్యాన్ నీళ్లొచ్చాయి. అయినా ఇంటి వాడకమంతా బోరే, బోరు ఎండిపోతే ఇంకా లోతుకి, లోతుకి పోయేకొద్దీ మా ఇంట్లో మాత్రం సున్నం ఇంకా ఎక్కువైంది. ఎండాకాలం ముదిరితే కొళాయి మూతి చుట్టూ తెల్లటి మొగ్గలు కట్టేవి.

నాయన పోయిన సంవత్సరం, అమ్మ ఒక్కతే ఇంట్లో ఉన్నప్పుడు, ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడు వచ్చాడట. రెండు గ్లాసులు పెట్టాడు, ఒకదాంట్లో మా నీళ్లు, ఒకదాంట్లో వాడు తెచ్చిన నీళ్లు. రెండు కడ్డీలు ముంచి కరెంటు పెట్టాడు. మా నీళ్లు నిమిషంలో బురదలా ఎర్రగోధుమ రంగుకి తిరిగి, పైన మురికి తెట్టు కట్టిందట. వాడి నీళ్లు అట్లాగే ఉన్నాయట. ఇదమ్మా మీరిన్నేళ్లూ తాగింది అన్నాడట. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసింది, గొంతు పూర్తిగా పోయి ఉంది. "ఈ విషమా మే నేను మీకు పోసి పెంచింది, మీ నాయనకి కూడా" అంటోంది. నాకు అంత కోపం జన్మలో రాలేదు. ఆ మురికి నీళ్లల్లోది కాదు, ఆ ఇనప కడ్డీలు కరెంటుకి కరిగి పడేది. లవణాలున్న నీళ్లల్లో కరెంటు పారుతుంది కాబట్టి కడ్డీ కరుగుతుంది, లవణాలు తీసేసిన నీళ్లల్లో పారదు కాబట్టి కరగదు. అంతే. ఫోన్లో గంటసేపు చెప్పాను. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావలసినవే అని, గట్టి నీళ్లు ఆరోగ్యానికి ఇంతకు మించితే చేటు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా హద్దు పెట్టలేదని, నాయన పోయింది గుండెతో అని, నువ్వు పోసింది నీళ్లే అని. ఉఁ అంటూనే ఉంది. నమ్మిందో లేదో. మరుసటి వారం నేను వెళ్లి, తెలిసిన మెకానిక్ చేత ఆర్వో పెట్టించాను, పప్పు కోసం. దాంట్లోంచి వృథాగా పోయే నీళ్లని అమ్మ బకెట్టులో పట్టి తుడవడానికి వాడుతుంది, ఒక్క చుక్క బయటికి పోనివ్వదు.

2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోరు. మాకు దగ్గర్లోనే కృష్ణానగర్‌లో ఒక ఇంట్లో భూమిలో ఉన్న సిమెంటు ఒరల నీళ్ల తొట్టి, లోపల శుభ్రం చేస్తుండగా, నిలువుగా పైకి లేచి ఇంటి ఎత్తున నిలబడింది. ఊరంతా చూడటానికి పోయింది, యూనివర్సిటీ వాళ్లూ వచ్చి చూశారు, కింద నీళ్లు అంత ఒత్తిడితో ఉబికాయి. అమ్మ ఆ సంవత్సరం మొదటిసారి బోరు నీళ్లల్లో తేడా కనిపెట్టింది. "రవ్వంత చప్పబడినాయి" అని ఫోన్లో చెప్పింది, గొంతులో చిన్నపిల్లకున్నంత సంతోషం. సంక్రాంతికి మళ్లీ మామూలే.

ఆ మరుసటి వేసవిలో పై మిద్దెకి నీళ్లు ఎక్కడం పూర్తిగా ఆగిపోయింది. మోటారు బానే ఉంది, ట్యాంకు నిండుగా ఉంది, కొళాయిలో సన్నటి దారం. ప్లంబర్ వచ్చి గోడ కొట్టి పాత ఇనప పైపు కోశాడు. కోసిన ముక్క ఒకటి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. బయట పైపు ఎప్పటంతే లావు. లోపల చుట్టూ వలయాలు వలయాలుగా, చెట్టు మొదలు నరికితే కనబడినట్టు, ఒకటి తెలుపు, ఒకటి గోధుమ, ఒకటి బూడిద. నట్టనడుమ పెన్సిలు పట్టేంత కంత. అమ్మ దాంట్లో చిటికెనవేలు పెట్టి చూసింది. గోరు దాకా పోయి ఆగింది.

"ఎన్నేళ్లకి ఇంతయ్యుంటుంది నాయనా?"

"ముప్ఫయ్యేళ్లుంటుందిలే అవ్వా."

"ముప్ఫై నాలుగు" అంది అమ్మ. ఆ ముక్కని కొంగుతో తుడిచి కిటికీలో పెట్టి, పప్పు నానబెట్టడానికి లోపలికి పోయింది.